తెలిసిన కథ మీద తెగని తగువు

1977 సంక్రాంతి. జనవరి 14న తెలుగు తెర మీద ఒకే రోజు రెండు భారత యుద్ధాలు మొదలయ్యాయి. ఒకటి 'దానవీరశూరకర్ణ'. ఎన్టీఆర్ తానే తీసి, కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ తానే అయి నిలిచిన సినిమా. రెండోది కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన 'కురుక్షేత్రం'. అందులో కృష్ణ అర్జునుడు, శోభన్‌బాబు కృష్ణుడు, కృష్ణంరాజు కర్ణుడు. టికెట్టు కొన్న ప్రతి మనిషికీ కథ ముందే తెలుసు. రథచక్రం కుంగుతుందని తెలుసు. ఆఖరి బాణం ఎవరిదో తెలుసు. అయినా జనం వెళ్లారు, చూశారు, బయటికొచ్చి వాదించుకున్నారు. ఎవరి కర్ణుడు అసలు కర్ణుడు?

నలభై ఏడేళ్ల తర్వాత, 2024 జూన్ 27న, ఆ కృష్ణంరాజు తమ్ముడి కొడుకు ప్రభాస్ మళ్లీ కర్ణుడి పేరు మోశాడు. నాగ్ అశ్విన్ తీసిన 'కల్కి 2898 ఏడీ'లో కురుక్షేత్ర యుద్ధం ముగిసి ఆరు వేల ఏళ్లు గడిచి ఉంటాయి. కాశీ ఎండిపోయి ఉంటుంది. ఆకాశంలో 'కాంప్లెక్స్' అనే తలకిందుల కోట వేలాడుతుంటుంది. మాట్లాడే వాహనంలో తిరిగే భైరవ అనే యోధుడు కర్ణుడి పునర్జన్మ అని చివర్లో తేలుతుంది. పెదనాన్న అది చూడలేదు, 2022లోనే కన్నుమూశాడు. కానీ ఆయన నాటి తగువు మాత్రం ఏమీ మారకుండా తిరిగొచ్చింది. రెండో భాగం ఎలా ఉండాలన్న చర్చ ఎక్కడ మొదలైనా అర్జునుడు గొప్పా, కర్ణుడు గొప్పా అన్న చోటికే చేరుతోంది.

కర్నూలు, కడప జిల్లాల్లో ఈ చర్చకు మరో పొర ఉంది. సినిమా వ్యాపారం ఈ ప్రాంతాన్ని 'సీడెడ్' అని పిలుస్తుంది. నైజాం ఎంత, సీడెడ్ ఎంత అని వసూళ్ల లెక్కలు చెప్పుకునే కుర్రాళ్ల నోట నిత్యం నలిగే ఈ మాట 1800 నాటిది. ఆ ఏడాది అక్టోబరులో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ధారపోశాడు. 'ఇచ్చేసిన జిల్లాలు' అని కంపెనీవాళ్లు రాసుకున్న పేరు అది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అన్న పేరు ప్రతిపాదించాక పాతమాట కాగితాల్లోంచి తప్పుకుంది. పంపిణీదారుల పద్దుల్లో మాత్రం మిగిలిపోయింది. ఆ పద్దులు సీమను కొనేవాళ్ల నేలగానే చూస్తాయి. నిజానికి ఇది మాయను కనిపెట్టినవాళ్ల నేల కూడా.

అందుకు సాక్ష్యం కడప జిల్లాలోని సురభి అనే ఊరు. 1885లో వనారస కుటుంబం ఈ ఊళ్లో 'కీచక వధ' ఆడింది. మరాఠీ మూలాలున్న ఆ కుటుంబానిది తరతరాలుగా తోలుబొమ్మలాట. తెర వెనక బొమ్మల్ని ఆడించిన చేతులు ఆ రోజు బొమ్మల్ని పక్కనపెట్టాయి, మనుషులే తెర ముందుకొచ్చారు. వనారస గోవిందరావు నడిపిన ఆ బృందం ఊరి పేరునే తన పేరు చేసుకుంది. కుటుంబం పెరిగేకొద్దీ శాఖలు చీలాయి. ఒక దశలో యాభై దాకా సురభి సమాజాలు తెలుగు ఊళ్లు తిరిగాయి. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో సురభి ఇంటి ఆడవాళ్లు రంగస్థలమెక్కారు. పిల్లలు నడక నేర్చిన వెంటనే బాలకృష్ణుడో, ప్రహ్లాదుడో అయ్యేవాళ్లు.

సురభివాళ్లు తోలుబొమ్మల నుంచి ఒక రహస్యం వెంట తెచ్చుకున్నారు. బొమ్మ గాల్లో ఎగురుతుంది, తల తెగుతుంది, పెద్దదవుతుంది, మాయమవుతుంది. మనిషి చేత అదంతా చేయించడమెట్లా? దానికి వాళ్లు తీగలు కట్టారు. నారదుడు మేఘాల్లోంచి తీగ మీద దిగివచ్చాడు. రంగస్థలం రెండు కొసల నుంచీ బయల్దేరిన బాణాలు దారం మీద జారుతూ వచ్చి నడిమధ్య ఢీకొని నిప్పులు రాల్చాయి. ఒకదాని వెనక ఒకటి వేలాడే చిత్రపు తెరలు రెప్పపాటులో అడవిని అంతఃపురం చేశాయి. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్డూలు పళ్లెంలోంచి ఎగిరి అతని నోట్లోకి వెళ్లాయి. కరెంటు లేని ఊళ్లో, దీపాల వెలుగులో అది చూసిన పిల్లవాడి గుండె ఎంత వేగంగా కొట్టుకుని ఉంటుందో! ఈ రోజు కంప్యూటర్ల ముందు వందలమంది కూర్చుని ఆకాశంలో కోటను వేలాడదీస్తున్నారంటే, ఆ పనికి తెలుగునాట తొలి పునాది ఆ తీగలే.

ఒకే సమాజం ఒకే ఊళ్లో నెలల తరబడి మకాం వేసేది. ప్రేక్షకులు చూసిన నాటకాన్నే మళ్లీ చూసేవాళ్లు. అందువల్ల వాళ్ల కన్ను కథ మీద కాక కట్టుబడి మీద ఉండేది. ఈ సుభద్ర ఎలా ఏడ్చింది, ఆ ఘటోత్కచుడు ఎంత ఎత్తు లేచాడు, నిరుటి శశిరేఖ మేలా, ఈసారి శశిరేఖ మేలా? పద్యనాటకాల వాళ్లదీ ఇదే కథ. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' ఆడే రాత్రి రాగం బాగుంటే 'వన్స్ మోర్' కేకలతో కృష్ణుడు పద్యాన్ని మళ్లీ ఎత్తుకోక తప్పేది కాదు. తెలిసిన కథకు కొత్త కట్టుబడి ఎలా కుదిరిందో తేల్చే హక్కు తనదేనని ప్రేక్షకుడు నమ్మాడు. అభిమాన సంఘాలు, కటౌట్లు, పాలాభిషేకాలు రావడానికి చాలా ముందే ఆ నమ్మకం పాతుకుపోయింది.

సురభి నుంచి తెరకు దారి దూరమేమీ కాలేదు. 1932 ఫిబ్రవరిలో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ నాటక కుటుంబం బిడ్డే. ఆ తర్వాత పులివెందుల పక్క పల్లెలో 1908లో పుట్టిన బి.ఎన్.రెడ్డి, ఆయన తమ్ముడు బి.నాగిరెడ్డి మద్రాసుకు వెళ్లి వాహినీ, విజయా సంస్థలకు మూలస్తంభాలయ్యారు. అన్నకు 1974కు, తమ్ముడికి 1986కు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది. ఒకే కడప జిల్లా ఇంటికి రెండు ఫాల్కేలు! వాళ్లకు తోడైన దర్శకుడు కె.వి.రెడ్డిది పక్కనే ఉన్న తాడిపత్రి. విజయావారి 'పాతాళభైరవి' 1951లో వచ్చింది. మరుసటి ఏడు బొంబాయిలో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. 1957లో 'మాయాబజార్'. సురభి తీగలు చేసిన పనిని అక్కడ మార్కస్ బార్ట్‌లే కెమెరా చేసింది.

ఆ 'మాయాబజార్' కథ వ్యాస భారతంలో లేదు. శశిరేఖా పరిణయం జనం కల్పించుకున్న ముచ్చట. పాండవుల కథే అయినా సినిమాలో పాండవులు ఒక్కసారైనా కనబడరు. ఇంత స్వేచ్ఛ తీసుకున్నందుకు తెలుగువాళ్లు నొచ్చుకోలేదు సరికదా, ఆ సినిమాను ఇంటి దేవుడి పటంలా చూసుకున్నారు. మూలంలో ఉందా లేదా అన్నది ఇక్కడి వాదంలో ఒక ఆయుధమే తప్ప తీర్పు కాదు.

ఈ స్వేచ్ఛ విలువ పక్క ప్రపంచంతో పోల్చితే బాగా తెలుస్తుంది. తెలుగు తెర మీద రెండు కురుక్షేత్రాలు ఢీకొన్న 1977లోనే, మే 25న, అమెరికాలో 'స్టార్ వార్స్' విడుదలైంది. అప్పటి నుంచి ఏ కొత్త భాగం వచ్చినా అక్కడి అభిమానులు రెండుగా చీలుతూనే ఉన్నారు. 2017లో 'ది లాస్ట్ జెడై' ముసలి ల్యూక్ స్కైవాకర్‌ను చూపిన తీరు మీద రేగిన కలహం ఇంకా చల్లారలేదు. కానీ ఆ కథకు యజమాని ఉన్నాడు. 2012లో డిస్నీ దాన్ని కొనుక్కుంది. 2014లో అప్పటిదాకా నవలల్లో, బొమ్మల పుస్తకాల్లో పెరిగిన కథల్ని అసలు చరిత్రలోకి రానివ్వబోమని, అవి 'లెజెండ్స్' మాత్రమేనని తేల్చేసింది. ఏళ్ల తరబడి వాటిని ప్రేమించినవాళ్లకు అది ఇల్లు ఖాళీ చేయమన్నంత బాధ. భారతానికి అలాంటి దస్తావేజు లేదు. నన్నయ, తిక్కన, ఎర్రన చెప్పారు. బొమ్మలాటవాళ్లు చెప్పారు. సురభివాళ్లు, ఎన్టీఆర్, ఇప్పుడు నాగ్ అశ్విన్ చెప్పారు. ఉత్తర గర్భంలోని శిశువు మీద అస్త్రం వేసిన అశ్వత్థామను, మరో తల్లి గర్భానికి కావలి కాసే వృద్ధుడిగా 'కల్కి' మార్చింది. పాపికి ప్రాయశ్చిత్తం చేసుకునే చోటు దొరికింది. శశిరేఖను కల్పించుకున్న తాతలు చూసి ఉంటే తప్పకుండా మెచ్చుకునే మార్పు ఇది.

భవిష్యత్తు సంగతికి వస్తే, కడప, కర్నూలు సీమకు ఆ ముచ్చట కొత్త కాదు. పదిహేడో శతాబ్దపు పోతులూరి వీరబ్రహ్మం బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఆవులు కాస్తూ రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశాడని జనం చెప్పుకుంటారు. చివరికి కందిమల్లాయపల్లెలో సజీవ సమాధి అయ్యాడు. ఆ ఊరే నేటి బ్రహ్మంగారిమఠం. కలియుగాంతంలో తానే వీరభోగ వసంతరాయలుగా మళ్లీ వస్తానని ఆయన చెప్పినట్టు భక్తుల నమ్మకం. యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడని కూడా. వింత ఏది జరిగినా 'బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు' అనడం తెలుగువాళ్లందరికీ అలవాటు. సురభివాళ్లూ బ్రహ్మంగారి నాటకాన్ని ఊరూరా ఆడారు. 1984లో ఎన్టీఆర్ 'శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర' విడుదలయ్యేనాటికి ఆయన ముఖ్యమంత్రి. ముఖానికి రంగు వేసుకునేవాళ్లు రాజ్యమేలుతారన్న కాలజ్ఞానం మాటను జనం ఆయనకే అన్వయించుకున్నారు. ఇలాంటి నేల మీద కలియుగాంతాన్ని, కల్కి రాకను చెప్పే సినిమా ఆడితే, తెర మీది లోకాన్ని ఎవరూ పరాయిదనుకోరు.

కె.వి.రెడ్డి దగ్గర 'మాయాబజార్'కు సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో 'ఆదిత్య 369' తీశాడు. అందులోని కాలయంత్రం ముందు 1526కు, కృష్ణదేవరాయల కొలువుకు వెళ్తుంది, తర్వాత 2504కు. రాయల పేరు మోసే సీమ జనానికి ఆ మొదటి మజిలీ సొంత ఊరికి వెళ్లినట్టే. అదే సింగీతాన్ని 'కల్కి'కి మార్గదర్శిగా ఉండమని ఆ సినిమా నిర్మించిన వైజయంతీ సంస్థ అడిగింది. 'మాయాబజార్' నుంచి 'కాంప్లెక్స్' దాకా గురుశిష్యుల వరస ఎక్కడా తెగలేదు.

తెగింది మరొకటి. తెలుగు సినిమా ఈ రెండు జిల్లాల్ని చూపిన తీరు. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చాక కర్నూలు, కడప అంటే సుమోలు, వేటకొడవళ్లు, నాటుబాంబులే అయిపోయాయి. 'ఒక్కడు' సినిమా తర్వాత కర్నూలు కొండారెడ్డి బురుజును చూసినవాళ్లకు మొదట గుర్తొచ్చేది అక్కడి ఫైటే. 2013 జులైలో 'బాహుబలి' చిత్రీకరణ మొదలైంది కర్నూలు దగ్గరి ఓర్వకల్లు రాళ్ల మధ్యే. ఆ రాళ్లు మాహిష్మతికి అందం తెచ్చాయి గానీ సీమ పేరు తెర మీద కత్తికే అతుక్కుని మిగిలింది. తెలుగు ఊహకు రెక్కలు కట్టిన సీమకు ఇది అన్యాయం.

'కల్కి' రెండో భాగం మీద ఇప్పుడు నడుస్తున్న వాదాలు రెండు. మొదటిది అశ్వత్థామ కావలి కాసిన ఆ తల్లి, సుమతి పాత్ర గురించి. ఆ పాత్ర వేసిన దీపికా పదుకొణే ఇకపై ఈ కథలో ఉండబోదని నిర్మాతలు 2025 సెప్టెంబరులో ప్రకటించారు. ఒకరి ముఖం అలవాటయ్యాక మరొకరిని ఒప్పుకోగలమా అన్నది ప్రశ్న. సురభి చూసిన తరానికి ఇది చాలా చిన్న చిక్కు. ఒకే ఇంట్లో అక్క తర్వాత చెల్లి, తల్లి తర్వాత కూతురు అదే శశిరేఖ అయ్యారు. జనం పోల్చారు, వాదించారు, మళ్లీ టికెట్టు కొన్నారు.

రెండోది అసలు తగువు. 'కర్ణుడు లేని భారతం, శొంఠి లేని కషాయం' అని సామెత చెప్పి ఒక పక్షం మొదలుపెడుతుంది. పరశురాముడి శాపం, ఇంద్రుడి యాచన, శల్యుడి సూటిపోటి మాటలు, కుంగిన చక్రం; కర్ణుడి చావుకు వేయి కారణాలు ఉండగా అది అర్జునుడి గెలుపెలా అవుతుంది? అర్జునుడి పక్షం వెంటనే విరాటపర్వం తీస్తుంది. సురభివాళ్లు తొలిసారి ఆడిన కీచక వధ ఆ పర్వంలోదే. వానలు మొహం చాటేసిన ఏడాది పల్లెల్లో చదివించేదీ, బొమ్మలాటవాళ్లను పిలిపించి ఆడించేదీ ఆ పర్వాన్నే. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు ఒక్కడే ఒకవైపు, భీష్మ ద్రోణ కర్ణులంతా మరోవైపు. గెలిచింది ఒక్కడే. ఇంకేం కావాలి?

కర్ణుడి పక్షం ఒప్పుకోదు. కవచకుండలాలు ఇంద్రుడికి ధారపోసింది అరణ్యపర్వం చివర్లో. గోగ్రహణం నాటికి అతని ఒంటి మీద అవి లేవు కదా అంటుంది. అవతలివాడు పుట వెనక్కి తిప్పుతాడు. అదే అరణ్యపర్వంలో, ఘోషయాత్రలో, గంధర్వుల ధాటికి కర్ణుడు యుద్ధం వదిలి వెళ్లాకే వాళ్లు దుర్యోధనుణ్ని కట్టి తీసుకుపోయారు. అప్పుడు కవచం ఒంటి మీదే ఉంది. ద్రౌపదీ స్వయంవరం నాడూ ఉంది. వాదం ముదిరేసరికి ఒకడు తిక్కనను, మరొకడు ఎన్టీఆర్‌ను సాక్ష్యం పిలుస్తాడు.