సింగపూర్ పాఠశాలల ఏకీకరణ

సింగపూర్‌లో చైనీస్, మలయ్, తమిళ, ఇంగ్లిష్ మాధ్యమాలుగా విడిపోయి ఉన్న బడులు 1956–1987 మధ్య దశలవారీగా ఒకే జాతీయ వ్యవస్థలో కలిశాయి. పోల్చి చూస్తే, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో చట్టమే నల్ల, తెల్ల పిల్లలను వేరు చేసింది. అక్కడి సుప్రీంకోర్టు 1954లో ఆ విభజనను కొట్టివేసి, 1971లో వారిని కలిపి చదివించేందుకు పిల్లలను బస్సుల్లో దూరపు బడులకు పంపడాన్ని సమర్థించింది. సింగపూర్‌లో మాత్రం పిల్లలను ప్రధానంగా విడదీసింది బోధనాభాష.

నేపథ్యం

వలస పాలనలో ప్రభుత్వ ఉద్యోగాలు ఎక్కువగా ఇంగ్లిష్ చదివినవారికే దక్కేవి. చైనీస్ బడులను వర్తకులు, వంశ సంఘాలు చందాలతో నడిపేవి. తమిళ బడులు అరకొర వనరులతో నెట్టుకొచ్చేవి. 1955లో చైనీస్ విద్యార్థుల ఆందోళనల నడుమ అఖిలపక్ష కమిటీ ఏర్పడింది. నాలుగు మాధ్యమాలనూ సమానంగా చూడాలని, పిల్లలకు కనీసం రెండు భాషలు నేర్పాలని అది మరుసటి ఏడాది సిఫారసు చేసింది.

ఒకే ఆవరణ

1960లో బుకిట్ పంజాంగ్, సెరంగూన్ గార్డెన్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు తొలి సమ్మిళిత బడులయ్యాయి. మాధ్యమాన్ని బట్టి తరగతులు వేరైనా ప్రధానోపాధ్యాయుడు, ఆటస్థలం ఒక్కటే. 1964 జాతి అల్లర్లు ఆ సహవాసం ఎంత అవసరమో చాటాయి. 1966లో మాధ్యమిక బడుల్లో రెండో భాష తప్పనిసరైంది. జాతీయ ప్రతిజ్ఞ కూడా ఆ ఏడాదే బడుల్లోకి వచ్చింది.

లాభనష్టాలు

ఉద్యోగాల కోసం తల్లిదండ్రులు ఇంగ్లిష్ వైపు మొగ్గడంతో మిగతా మాధ్యమాల్లో చేరికలు పడిపోయాయి. కడయనల్లూరు ముస్లిం లీగ్ నడిపిన ఉమర్ పులవర్ తమిళ ఉన్నత పాఠశాల 1982లో మూతపడింది. 1987 నాటికి అన్ని జాతీయ బడుల్లోనూ ఇంగ్లిషే ప్రధాన మాధ్యమమైంది. మాతృభాష ఒక పాఠ్యాంశంగా మిగిలింది. పిల్లలు కలిసి చదవడం నిజమైన విజయం. సొంత భాషలో అన్ని పాఠాలూ చెప్పే బడి పోవడమూ నిజమైన నష్టమే.

చైనీస్ సంప్రదాయాన్ని నిలపడానికి 1979లో తొమ్మిది ప్రత్యేక పాఠశాలలను ఎంపిక చేశారు. వాటిలో ఇతర జాతుల పిల్లలు అరుదన్న విమర్శ నేటికీ వినిపిస్తోంది.

ప్రాథమిక బడుల్లో సీట్లు చాలక పోటీ పడ్డప్పుడు ఇంటి దూరం లెక్కలోకి వస్తుంది. అందుకే ఇరుగుపొరుగు ఎవరన్నది బడికీ ముఖ్యమే. ఒకే జాతివారు ఒకచోట గుమిగూడకుండా 1989 మార్చి నుంచి ప్రభుత్వ ఫ్లాట్లలో ఒక్కో జాతికి గరిష్ఠ పరిమితి విధించారు.

తెలుగు పిల్లలు

మాతృభాషా పాఠ్యాంశంగా భారతీయ పిల్లలు తమిళం, లేదా హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలలో ఒకటి ఎంచుకోవచ్చు. ఆ జాబితాలో తెలుగు లేదు. దాంతో తెలుగు పిల్లలు వేరే భాషలో పరీక్ష రాస్తున్నారు. తెలుగు నేర్పే భారం ఇళ్ల మీద, 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం వంటి సంస్థల మీద పడింది.