బళ్ళారి వీధి బడుల చదువు తీరు

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో దేశీయ విద్య వివరాలు కోరినప్పుడు, కలెక్టర్లలో పలువురు అంకెల పట్టికలతో సరిపుచ్చగా, బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక మాత్రం, తెలుగు, కన్నడాలు ప్రధానంగా నేర్పిన 533 బడుల దినచర్యను కళ్ళకు కట్టింది.

ఉదయం ఆరింటికే బడి మొదలయ్యేది. ముందుగా వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసి, రెండోవాడికి సున్న చుట్టి, మూడోవాడి నుంచి ఒక్కొక్క దెబ్బ పెంచుతూ పోయేవారు. వేళ తప్పకపోవడం ఆ విధంగా అలవడినా, దానికి వెనుక నిలిచినది భయమేనని ఒప్పుకోవాలి.

అక్షరాన్ని పైకి పలకకుండా ఇసుకలో వేలితో దిద్దడం తొలి మెట్టు; ఆ తరువాత బొగ్గుపొడి, గంజి పట్టించిన మడతల గుడ్డ, అంటే కడితం మీద బలపంతో రాసి తుడిచేవారు; తాటాకు మీద గంటంతో రాయడమూ ఉండేది. రాత నేర్పే ఈ తీరుతో పాటు, పై తరగతివారు కింది తరగతివారికి చెప్పే పద్ధతిని క్యాంప్‌బెల్ మనసారా మెచ్చుకున్నాడు. చెప్పేవాడికే పాఠం గట్టిపడుతుంది గనుక ఆ మెప్పు సముచితమే. మద్రాసు ఎగ్మోరు అనాథ బాలుర ఆశ్రమంలో ఆండ్రూ బెల్ ఇటువంటి బోధననే నడిపి, 1797లో లండనులో గ్రంథస్థం చేయగా, అది ఇంగ్లండులో మద్రాసు పద్ధతిగా వ్యాపించింది.

లోపం మరొకచోట ఉంది: వ్యవహారానికి దూరమైన కావ్యభాషలోని పద్యాలను అర్థం తెలియకుండానే వల్లె వేయించేవారు, పైగా ఆ ప్రతులు కూడా తప్పులతో నిండి ఉండేవి.