గ్వాదలూపే మాతకు కొత్త ముసుగు

పుస్తకాలకు ముఖచిత్రాలు చేసి బతికేదాన్ని. ఏ బొమ్మ చూసినా ముందు లేయర్లు వెతుకుతాను. కళాకారిణి అల్మా లోపెజ్ 1999లో కంప్యూటర్ మీద చేసిన 'అవర్ లేడీ'లో నా కన్ను మేలిముసుగు దగ్గరే ఆగిపోయింది. మెక్సికన్లు ఇంటింటా మేరీమాతగా కొలిచే గ్వాదలూపే మాత ముసుగు నిండా చుక్కలుంటాయి. అల్మా ఆ చుక్కలు తీసేసి కొయొల్‌షౌకి శిల్పాన్ని పరిచింది. తమ్ముడి చేతిలో ముక్కలైన అజ్టెక్ దేవత ఆమె. 1978లో మెక్సికో సిటీలో కరెంటు పనివాళ్లు తవ్వుతుంటే ఆ శిల్పం బయటపడింది. కొడుకు చేతిలో తల తెగిన రేణుకా ఎల్లమ్మను కొలిచే మనకు ఈ దేవత బాధ కొత్తది కాదు.

ముసుగు కింద ఒంటికి గులాబీలు మాత్రమే చుట్టుకున్న స్త్రీ, నడుం మీద చేతులు పెట్టి సూటిగా చూస్తుంటుంది. పాదాల కింద దేవదూత కూడా స్త్రీయే, రొమ్ములు కనిపిస్తాయి. రెక్కలు వైస్రాయ్ సీతాకోకచిలుకవి. విషముండే మోనార్క్ సీతాకోకచిలుకలా కనిపించి ప్రాణం కాపాడుకునే జాతి అది.

మాతను ఇలా తమదిగా చేసుకోవడం అల్మాతో మొదలవలేదు. మెక్సికన్ మూలాలున్న అమెరికా స్త్రీలు, చికానాలు, అప్పటికే ఆ పని చేస్తున్నారు. ఎస్తర్ హెర్నాండెజ్ 1975లో మాత చేత కరాటే చేయించింది. యొలాండా లోపెజ్ 1978లో బూట్లు తొడిగి పరుగెత్తించింది. అవి చేత్తో చేసినవి. 1996లో జూడీ బాకా లాస్ ఏంజెలెస్‌లో డిజిటల్ మ్యూరల్ ల్యాబ్ పెట్టాక గోడ చిత్రాలు కూడా కంప్యూటర్‌లోకి వచ్చాయి. అల్మా కూడా అక్కడ పనిచేసింది.

2001లో న్యూమెక్సికోలోని సాంతా ఫే జానపద కళల మ్యూజియంలో టే మరియానా నన్ 'సైబర్ ఆర్తె' ప్రదర్శన పెట్టింది. అందులో నలుగురు స్త్రీల పని ఉంది. మరియన్ మార్టినెజ్ సర్క్యూట్ బోర్డులతో దైవమూర్తులు చేసింది. కానీ ఊరంతా మాట్లాడింది పద్నాలుగు అంగుళాల వెడల్పున్న అల్మా బొమ్మ గురించే. ఆర్చిబిషప్ ఖండించాడు, తీసేయాలని జనం పట్టుబట్టారు. కుంచెతో వేసి ఉంటే ఊహ అని సర్దుకునేవాళ్లేమో. ఇది ఫొటో. నిలబడింది రాకెల్ సలీనాస్ అనే రంగస్థల కళాకారిణి, రక్తమాంసాలున్న మనిషి. దేవతకు నిజమైన ఆడదాని ఒళ్లు రావడమే వాళ్లకు మింగుడు పడలేదని నేననుకుంటాను.

మ్యూజియం బొమ్మను దించలేదు. ప్రదర్శనను మాత్రం అనుకున్న గడువుకు ముందే ఆ అక్టోబరులో ముగించింది. అది తప్పు. బొమ్మను నిలబెట్టినవాళ్లు గడువు దాకా నిలబడాల్సింది.