గొలుసు సంగతి

మన చరిత్ర గ్రంథాలలో ఆనకట్టకు శంకుస్థాపన వుంటుంది, ప్రారంభోత్సవం వుంటుంది, పూలదండలు వుంటాయి. గేటును పైకెత్తే గొలుసు మాత్రం వుండదు. రాయలసీమ నీటి చరిత్ర రాసేవారు సుంకేసుల దగ్గర కర్నూలు-కడప కాలువతో మొదలుపెట్టి, కరువుల మీదుగా నడిచి తుంగభద్ర దగ్గర ఆగుతారు. యీ వ్యాసంలో నేను ఆ గొలుసును గురించే చెప్పదలచాను. కర్నూలు, కడప జిల్లాలకు తుంగభద్ర కాలువల నీరు హోస్పేట దగ్గరి ఆ ఆనకట్ట నుంచే రావాలి గదా!

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి ఆ ఆనకట్ట 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగింది. గేటు వరదలో కొట్టుకుపోయింది. 105 టి.ఎం.సి.లు పట్టే జలాశయం అప్పటికి దాదాపు నిండి వుంది. (మొదట్లో 130కి పైగా పట్టేది, మిగిలినదాన్ని పూడిక మింగింది. అది వేరే కథ.) ఖాళీ అయిన ఆ వొక్క కంతమీద వొత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లూ యెత్తవలసివచ్చింది. ఆలూరు, ఆదోని రైతు ఖరీఫ్ కోసం చూసుకున్న నీరు కళ్లముందే దిగువకు పోయింది.

తరువాతి వారం అక్కడ జరిగింది నిజానికి వొక నిర్మాణ స్థలంలో జరిగే పనే. గేటు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల యెత్తు. అంత పలకను వొక్కసారిగా దించలేరు కనుక అయిదు ముక్కలుగా ఉక్కు పలకలు చేయించారు. గేట్ల పనిలో పండిపోయిన కన్నయ్యనాయుడు దగ్గరుండి నడిపించారు. మొదటి ప్రయత్నం ఫలించలేదు. 16వ తేదీ రాత్రి మొదటి పలక కూర్చుంది, 17కల్లా మిగతావి. పారే నీటిలో ఆ పని చెయ్యడమంటే యేమిటో పాఠకులు వొక్కసారి వూహించుకోవాలి. క్రేను చెయ్యి యెంత దూరం చాస్తే మొయ్యగల బరువు అంత తగ్గిపోతుంది. కొక్కేనికి వేలాడే పలకను గాలి వొక వైపు తిప్పుతుంది, అంచు నీటిని తాకగానే ప్రవాహం మరొక వైపు లాగుతుంది. క్రేను నడిపేవానికి కింద గాడి కనబడదు. సైగ చేసేవాని చెయ్యే అతనికి కన్ను. ఆ సైగ యిద్దరు చేస్తే ప్రమాదం. పలక కింద మనిషి వుంటే మరీ ప్రమాదం.

దీనిని అద్భుతమన్నారు. నేను కాదనను. కాని ఆ అద్భుతం అవసరం కావడమే నాకు బాధగా వుంది.

బరువులెత్తే పనిముట్లకు చట్టం రాయడం మనకు తెలియని విద్య కాదు. ఓడరేవు కూలీల రక్షణకు 1934లోనే చట్టం చేశారు. అమలుకు 1948 దాకా పట్టింది. అదే 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను గొలుసునూ, మోకునూ, కొక్కేన్నీ పేరుపెట్టి చెప్పింది: యేడాదికి వొకసారైనా తగినవాడు పూర్తిగా పరీక్షించాలి, మొయ్యదగిన బరువుకు మించి యెత్తరాదు. మిల్లులో క్రేను కింద పనిచేసే కార్మికునికి యీ రక్షణ వచ్చింది. 1945 ఫిబ్రవరి 28న మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు చెరొక గట్టున పునాదిరాయి వేసి, 1953 నాటికి లేపిన ఆ రాతికట్టడంలో బండలు మోసినవారికి రాలేదు. కట్టడపు కూలీకి ప్రత్యేక చట్టం 1996లో గాని రాలేదు. అప్పటికి సీమకు నీరిచ్చిన తరం ముసలిదై పోయింది.

అయినా ఆ చట్టం కట్టే రోజులదే. కట్టి కొబ్బరికాయ కొట్టిన తరువాత గొలుసు యెవరిది? వరద రోజులలో అది రాత్రింబవళ్లు బరువు మోస్తుంది. మిగతా కాలం తడిసి, యెండి, తుప్పు పడుతుంది. క్రేనుకైతే సాయంకాలం బరువు దించే వేళ వుంది, పరీక్షకు తీసుకుపోయే షెడ్డు వుంది. నిండిన జలాశయం మీది గేటును విప్పి చూడడానికి సంవత్సరంలో కొద్ది నెలలే వీలు. ఆ నెలలలో డబ్బు మంజూరు కాకపోతే యింకొక యేడాది గడిచినట్లే. కొత్త ఆనకట్టకు బడ్జెటులో వున్న ఆకర్షణ పాత గొలుసుకు గ్రీజు రాయడంలో యే మంత్రికి కనబడుతుంది?

కడప వాళ్లకు దీని ఖరీదు తుంగభద్ర కంటె ముందే తెలిసింది. రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టుకు అయిదు గేట్లు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున యెగువన పింఛా నుంచి వరద విరుచుకుపడినప్పుడు వాటిలో వొకటి లేవలేదు. నీరు మట్టికట్ట మీదుగా పొర్లి దాన్ని కోసేసింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మీదికి యేరు వచ్చిపడింది. ఆనాటి వాన అసాధారణమైనదే, నిజం. కాని అసాధారణమైన వాన కోసమే గదా గేట్లు పెట్టేది. తుంగభద్రలో పోయింది పంట నీరు. యిక్కడ మనుషులు పోయారు.

ఆ మరుసటి నెలలోనే పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టాన్ని ఆమోదించింది. వానకు ముందొకసారి, తరువాత వొకసారి తనిఖీ చెయ్యాలని అందులో రాశారు. చట్టం వచ్చిన తరువాత మూడో వానాకాలంలో 19వ గేటు గొలుసు తెగింది.