గుంజ, నేల, నాలుగు తీగలు

‘యాంటెనా’ అన్న మాట మనకు ఇంగ్లీషు ద్వారా వచ్చినా దాని పుట్టుక వేరు. ఇటలీ భాషలో ‘అంతెన్నా’ అంటే గుంజ. గుల్యెల్మో మార్కోనీ 1895 ప్రాంతాల్లో తన తీగను ఎత్తున నిలిపిన గుంజ పేరే క్రమంగా తీగకూ స్థిరపడిందని చెబుతారు. తెలుగులో దీనికి ఏ ‘ఆకాశతంత్రి’ అనో సంస్కృత సమాసం కల్పించడం కష్టమేమీ కాదు. నాకు మాత్రం గుంజ అనడమే ఇష్టం. ఔత్సాహిక రేడియోవారు స్వహస్తాలతో డాబా మీద నిలుపుకునే నిలువు యాంటెనా నిజంగా గుంజే కదా!

మార్కోనీ యంత్రపు ఒక కొసను పైకెత్తిన తీగకూ, రెండవ కొసను భూమికీ కలిపాడు. అంతవరకు దగ్గరి దూరాలకే పరిమితమైన సంకేతం గుట్ట దాటి 2 కిలోమీటర్లు పోయింది. కంటికి కనిపించే గుంజ సగం యాంటెనా మాత్రమే. మిగతా సగం నేల.

మన దేశంలో ఈ అభిరుచికి అనుమతి పొందిన తొలి వ్యక్తి అమరేంద్ర చంద్ర గుప్తు, 1921లో. 1939లో యుద్ధం రాగానే ఔత్సాహికులందరూ ప్రసార యంత్రాలను పోలీసులకు అప్పగించవలసి వచ్చింది. మళ్ళీ 1946లో గాని అనుమతులు దక్కలేదు. మన హైదరాబాదులో 1983లో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ వెలసింది. మరుసటి ఏడు దిగుమతి సుంకం తొలగించినా, పరికరం కొనగల స్తోమత ఎందరికి? పాత సామాను విప్పి కొత్తది అల్లుకోవడమే ఆనాటి విద్య.

మెట్టుగూడ రైల్వేవారి పేట. సిగ్నళ్ళు, టెలికాం విద్య నేర్పే ఇరిసెట్ 1957 నుండి ఆ చేరువలోనే ఉంది. తీగలూ టంకమూ తెలిసిన చేతులకు అక్కడ కొదవ లేదు. నేను బడిలో తెలుగు చెప్పే రోజుల్లో అటువంటి రైల్వే ఉద్యోగి ఒకరు మా వీధిలో అద్దెకుండేవారు. అడ్డంగా కట్టే డైపోలుకు 10 మీటర్ల జాగా, రెండు పక్కలా ఆధారాలు కావాలి. అద్దె ఇంటి డాబా మీద అంత చోటేది? అందుకే ఆయన నిలువుదాన్ని ఎంచుకున్నారు.

లెక్క నాబోటి పండితుడికీ బోధపడేదే. 300ను మెగాహెర్ట్జులతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. 14.2కి అది 21 మీటర్ల పైచిలుకు. అందులో నాలుగో వంతు తీసి, లోహంలో తరంగపు నడకకు నూటికి 5 వంతులు తగ్గిస్తే 5 మీటర్ల 2 సెంటీమీటర్లు. రాణీగంజ్‌లో కొన్న అల్యూమినియం గొట్టాలను ఒకదానిలో ఒకటి దూర్చి, అడుగున విద్యుత్తు పారని ప్లాస్టిక్ దిమ్మ పెట్టి నిలబెట్టారు.

“మరి నేల మూడంతస్తుల కింద ఉందే!” అన్నాను.

“దాన్ని పైకే తెచ్చుకుందాం, మాస్టారూ” అని ఆయన గుంజ మొదలు నుండి నాలుగు దిక్కులకూ నాలుగు రాగి తీగలు కట్టారు. ఇంటి యజమానురాలు అవి బట్టలారేసుకోవడానికే అనుకుని ఎంతో సంతోషించింది!

ఆ తీగలే కృత్రిమ భూమి. అమెరికాలో జార్జి బ్రౌన్, మరి ఇద్దరు సహచరులు 1937లో ప్రసార స్తంభాల కింద 113 దాకా తీగలు పరిచి ఫలితాలు ప్రకటించారు. నేలను నిర్లక్ష్యం చేస్తే శక్తి మట్టిని వేడి చేయడానికే పోతుందని తేల్చారు. డాబా మీద, నేలకు ఎత్తుగా ఉన్నప్పుడు నాలుగు చాలు. వాటిని సమతలంగా ఉంచితే నిరోధం 36 ఓములు; 45 డిగ్రీలు కిందికి వాలిస్తే రమారమి 50, అంటే కేబులుకు సరిజోడు. ఊరి మోటార్ల రొదను కూడా ఈ గుంజ శ్రద్ధగా పట్టి తెస్తుందన్నది వేరే సంగతి. కాని తరంగాన్ని దిగంతం వైపు పల్చగా పంపడంలో దాని మేలు దానిదే.

2004 డిసెంబరులో మన నగరపు సంస్థ ఏర్పాటు చేసిన యాత్రపై భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్ళింది. దూరదేశపు మిత్రులతో మాటలు కలపడమే దాని ఉద్దేశం. 26వ తేదీ ఉదయం భూమి కంపించింది, సముద్రం పొంగింది, టెలిఫోన్లు మూగపోయాయి. ఆ బృందం వినోదపు సంభాషణలు ఆపి, పోర్ట్ బ్లెయిర్ నుండి క్షేమసమాచారాలు పంపసాగింది. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన సముద్రానికి ఇవతల, ఇళ్ళ మీది యాంటెనాలు వాటిని అందుకున్నాయి.