వృద్ధుల కుంగుబాటు, హార్మోన్లు: పరిశోధనల చరిత్ర

ముసలితనంలో వచ్చే కుంగుబాటుకూ ఒంట్లోని హార్మోన్లకూ ముడి ఉందన్న ఆలోచనకు బలం థైరాయిడ్ వైద్యం నుంచి వచ్చింది. 1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్ వైద్యుడు జార్జి ముర్రే గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదితో ఎక్కించి, థైరాయిడ్ బాగా తగ్గిన రోగిని బాగుచేశాడు. 1949లో లండన్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ మతి చెదిరిన 14 మంది వివరాలు ప్రచురించాడు. ముఖం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, మాట ముద్దగా వచ్చే ఆ రోగుల్లో ఎక్కువమంది థైరాయిడ్ మందుతో తేరుకున్నారు. ఇంత గొప్ప ఫలితం చూశాక, ఏ హార్మోను తగ్గినా పెరిగినా దాన్ని సరిచేస్తే మనసు కుదుటపడుతుందన్న ఆశ కలగడం సహజమే. ఆ తరువాతి పరిశోధనలు మాత్రం ఆ ఆశకు హద్దు గీశాయి. లోపం తీవ్రంగా ఉన్నప్పుడు తప్ప, హార్మోను స్థాయి రోగి ఎంతవరకు కోలుకున్నాడో చెప్పగలదు గాని, దాన్ని సరిచేసినంత మాత్రాన రోగి కోలుకోడు.

ఈ సంగతిని బాగా తేల్చింది అడ్రినల్ గ్రంథుల ఒత్తిడి హార్మోను కార్టిసాల్. మనోవైద్యుడు బెర్నార్డ్ కారొల్ బృందం 1981లో వివరించిన పరీక్షలో రాత్రి 11 గంటలకు కార్టిసాల్‌లా పనిచేసే డెక్సామెథసోన్ 1 మిల్లీగ్రాము మాత్ర మింగించి, మరునాడు సాయంత్రం 4కు, రాత్రి 11కు రక్తం తీస్తారు. ఆ మాత్రతో పీయూష గ్రంథి ఒంట్లో కార్టిసాల్ చాలినంత ఉందనుకుని అడ్రినల్ గ్రంథులకు సంకేతం ఆపేయాలి. తీవ్రమైన కుంగుబాటులో చాలామందికి అది ఆగదు, కార్టిసాల్ డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటిపోతుంది. కుంగుబాటుకూ రక్తపరీక్ష దొరికిందని వైద్యలోకం సంబరపడింది. కానీ మతిమరుపు జబ్బులోనూ, తిండి తగ్గి బరువు కోల్పోయినవారిలోనూ ఇదే ఫలితం కనిపించింది. వృద్ధుల్లో ఈ రెండూ మామూలే కనుక, వారి విషయంలోనే పరీక్ష ఎక్కువ తడబడింది. రోగనిర్ధారణకు పనికిరాకపోయినా అది మరో మేలు చేసింది. చికిత్స తరువాత మనిషి బాగున్నట్టు కనిపిస్తున్నా పరీక్ష మామూలు స్థితికి రాకపోతే, జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని తేలింది.

హార్మోనునే మందుగా ఇస్తే పోదా అనేవారు మనోవైద్యుడు ఆర్థర్ ప్రాంజ్ 1969 నాటి పనిని చూపుతారు. కుంగుబాటు మందు ఇమిప్రమిన్‌కు థైరాయిడ్ హార్మోను టీ3 జోడిస్తే స్త్రీలు త్వరగా కోలుకున్నారు. అయితే వారికి థైరాయిడ్ లోపమే లేదు కాబట్టి, అక్కడ జరిగింది లోపాన్ని పూడ్చడం కాదు, మందుకు ఊతమివ్వడం. 2017లో 65 ఏళ్లు పైబడి, థైరాయిడ్ కాస్త తగ్గిన 737 మందిపై జరిగిన పరీక్షలో థైరాయిడ్ మందు లెవోథైరాక్సిన్, థైరాయిడ్ తగ్గినప్పుడు పెరిగే పీయూష గ్రంథి హార్మోను టీఎస్‌హెచ్‌ను దించింది గాని, ఏడాది గడిచినా అలసట తగ్గించలేదు. 2016లో టెస్టోస్టిరాన్ తక్కువగా ఉన్న 790 మంది వృద్ధ పురుషులపై జరిగిన పరీక్షల్లోనూ మనసు తేలికపడటం స్వల్పమే. అలాగని రక్తపరీక్ష అనవసరమనడం మరో పొరపాటు. చలికి ఓర్వలేకపోవడం, మలబద్ధకం, మందకొడితనం, మరుపు: వీటిని ఇంట్లోవాళ్లు వయసు ఖాతాలో వేస్తారు, వైద్యులు కుంగుబాటు ఖాతాలో వేస్తారు. అసలు కారణం థైరాయిడ్ అయితే చవకైన టీఎస్‌హెచ్ పరీక్ష దాన్ని బయటపెడుతుంది. మొండి కుంగుబాటుకు ఇచ్చే లిథియమే థైరాయిడ్‌ను అణచివేయగలదు. అందుకే ఆ మందు వాడే వృద్ధులకు, తేరుకుంటున్నట్టు కనిపిస్తున్నా సరే, ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్ చూస్తారు.