ఇళ్లే లాడ్జీలైన ఊరు: మా నామ్చే బజార్

సముద్రమట్టానికి 3,440 మీటర్ల ఎత్తున, మూడు వైపులా కొండవాలు చుట్టుకుని, లాడం ఆకారంలో అంచెలంచెలుగా కట్టుకున్న ఊరు మా నామ్చే బజార్. నేపాల్‌లోని సోలుఖుంబు జిల్లాలో ఉంది. లుక్లాలో విమానం దిగి, దూద్‌కోసి నది వెంట నడిచి, భోటేకోసి అందులో కలిసే చోట ఎత్తైన వేలాడే వంతెన దాటి, ఆపైన రెండు మూడు గంటలు నిటారుగా ఎక్కితే ఊరు కనిపిస్తుంది. ఎవరెస్ట్ బేస్ క్యాంపుకు వెళ్లేవాళ్లు ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేదాకా ఇక్కడ ఆగుతారు. ఎటు చూసినా లాడ్జీలే కనిపించడంతో, ఇది యాత్రికుల కోసం వెలసిన ఊరని చాలామంది అనుకుంటారు. నేను కాకినాడలో పుట్టి, షెర్పా ఇంటికి కోడలిగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. ఈ ఊరికి, దాని అతిథి మర్యాదకు యాత్రికుల కంటే చాలా పాత చరిత్ర ఉంది. తెలుగువాళ్లు కూడా ఈ దారిన ఎక్కువగా వస్తున్నారు కాబట్టి ఆ చరిత్ర తెలుగులో చెప్పాలనిపించింది.

షెర్పాల పూర్వీకులు సుమారు 500 ఏళ్ల కిందట తూర్పు టిబెట్‌లోని ఖామ్ ప్రాంతం నుంచి నామ్చే ఉన్న ఈ ఖుంబు ప్రాంతానికి వలస వచ్చారు. చుట్టుపక్కల ఊళ్లకు ఉన్నంత సాగుభూమి నామ్చేకు లేదు. ఈ ఊరు వ్యాపారం మీదే బతికింది. థామే అనే ఊరి మీదుగా పైకి వెళ్తే 5,716 మీటర్ల ఎత్తున నాంగ్‌పా లా కనుమ, దాని అవతల టిబెట్. అక్కడి నుంచి ఉప్పు, ఉన్ని యాక్‌ల మీద దిగేవి. కింది లోయల ధాన్యం పైకి వెళ్లేది. 19వ శతాబ్దంలో నేపాల్ పాలకులు ఈ దారి మీద ఖుంబు షెర్పాలకు ప్రత్యేక హక్కు ఇచ్చారు. టిబెట్ వర్తకులు నామ్చే దాటి దక్షిణానికి పోకూడదు, కిందివాళ్లు కనుమ దాటకూడదు. అందువల్ల రెండు వైపుల సరుకూ నామ్చేలోనే చేతులు మారేది. కనుమ దాటి వచ్చిన వర్తకుడు తనకు అలవాటైన ఇంట్లో దిగేవాడు. లెక్క తేలేదాకా అక్కడే తిండి, అక్కడే పడక.

ఆ ఇల్లు ఎలా ఉండేదో తెలిస్తే ఇప్పటి లాడ్జీ అర్థమవుతుంది. కింది అంతస్తులో పశువులు, గడ్డి, కట్టెలు. పైన పొడవాటి ఒకే గది. వెనక గోడ పొడవునా అరల్లో పెద్ద పెద్ద రాగి పాత్రలు, ముందు వైపు వరసగా కిటికీలు, కిటికీల కింద తివాచీ పరిచిన బల్లలు, వాటి ముందు సన్నటి మేజాలు. గదికి ఒక పక్కన పొయ్యి. పొయ్యికి దగ్గరి చోటు పెద్దలది, ముఖ్య అతిథులది. ఇప్పుడు నామ్చేలో ఏ లాడ్జీ భోజనశాలలోకి అడుగుపెట్టినా అవే కిటికీలు, అవే బల్లలు, అవే తివాచీలు. పొయ్యి వంటింట్లోకి వెళ్లింది, దాని బదులు గది మధ్యలో ఇనుప స్టవ్ వచ్చింది. షెర్పా ఇంటి పెద్దగదికే పక్కన పడక గదులు చేర్చి లాడ్జీ అన్నారు.

1959 తర్వాత టిబెట్‌లో పరిస్థితులు మారి, కనుమ మీది వ్యాపారం బాగా పడిపోయింది. 1965లో నామ్చేలో శనివారం సంత మొదలైంది. కింది ఊళ్ల రైతులు, కూలీలు బియ్యం, మొక్కజొన్న, గుడ్లు బుట్టల్లో మోసుకొచ్చి అమ్మేవారు. ఆ సంతే లేకపోతే తర్వాత వచ్చిన లాడ్జీలకు దినుసులు దొరికేవి కావు.

ఈలోగా పర్వతాల కోసం వచ్చేవాళ్లు మొదలయ్యారు. 1953 మే 29న టెన్జింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్ట్ ఎక్కారు. ఆ రోజుల్లో కాఠ్మాండు నుంచి ఇక్కడికి రావాలంటే రెండు వారాలకు పైగా నడక. హిల్లరీ మా పక్క ఊళ్లలో, 1961లో ఖుంజుంగ్‌లో బడి, 1966లో ఖుండేలో ఆసుపత్రి కట్టడానికి తోడ్పడ్డారు. ఆసుపత్రికి సామాన్లు చేర్చడానికి 1964లో లుక్లాలో రన్‌వే చదును చేశారు. అదే ఏడాది జిమ్మీ రాబర్ట్స్ నేపాల్‌లో తొలి ట్రెకింగ్ సంస్థ పెట్టారు. 1965లో ముగ్గురు అమెరికన్ మహిళలతో ఆయన నడిపిన యాత్ర ఎవరెస్ట్ దారిలో మొదటి వాణిజ్య ట్రెక్.

ఆ యాత్రలు గుడారాల్లో సాగేవి. వంటవాళ్లు, బియ్యం, కిరోసిన్ అన్నీ వెంటే వచ్చేవి. ఊరి ఇళ్లతో వాళ్లకు పని పడేది కాదు. 1970ల్లో వీపు సంచితో సొంతంగా తిరిగే కుర్రకారు వచ్చాక లాడ్జీలకు బీజం పడింది. వాళ్లు సాయంత్రానికి ఏదో ఒక ఇంటి తలుపు తట్టేవారు. ఇంటివాళ్లు పొయ్యి దగ్గర చోటిచ్చి, ఉడికించిన బంగాళాదుంపలు, సూప్‌లాంటి శ్యాక్‌పా పెట్టేవారు. పొద్దున్నే ఆ అతిథులు ఎంతో కొంత ఇచ్చి వెళ్లేవారు. టిబెట్ వర్తకుడికి చేసిన మర్యాదే ఇది. తర్వాత ఒక్కో ఇల్లు గుమ్మం పైన బోర్డు పెట్టింది, వరసగా మంచాలు వేసింది, ప్లైవుడ్ గోడలతో గదులు విడదీసింది. పై లోయల్లో యాక్‌లను వేసవి మేతకు తోలుకెళ్లి ఉండే రాతి గుడిసెలు కూడా ఇలాగే లాడ్జీలయ్యాయి. ఫెరిచే, లోబుచే, గోక్యోలలో బస చేసేవాళ్లు నిజానికి పాత పశువుల మకాముల్లో నిద్రపోతున్నారు.

ఇదంతా నడిపింది ఆడవాళ్లు. మగవాళ్లు పర్వతారోహణ బృందాలతో నెలల తరబడి వెళ్లిపోతే ఇల్లు, పొలం, యాక్‌లు, అతిథులు ఇల్లాలి మీదే పడేవి. బడి ముఖం చూడనివాళ్లు అతిథుల దగ్గరే ఇంగ్లీషు పట్టారు. లాడ్జీ యజమానురాలిని నేపాలీలో సాహుని అంటారు, అతిథులు దీదీ అని పిలుస్తారు. మా అత్తగారి పని నేను దగ్గరుండి చూశాను. సాయంత్రం నోట్‌బుక్ బల్లల మీద తిరుగుతుంది. గది నంబరు వేసి ఎవరికి ఏం కావాలో వాళ్లే రాస్తారు. ఆమె దాన్ని పొయ్యి వెలుగులో చదివి, ఒకేలాంటివి కలిపి వరస పెట్టుకుంటుంది. దాల్‌భాత్ అన్నీ ఒకసారి, నూడుల్స్ అన్నీ ఒకసారి. ఇంధనం పొదుపు చేయాలంటే అంతకు మించిన దారి లేదు. చెత్త మాత్రం పొయ్యిలో వేయనివ్వదు. పొయ్యి దేవతకు అపచారమని ఆమె నమ్మకం, నాకూ అదే అలవాటైంది.

ఇంధనం కథ ఈ ఊరి చరిత్రలో ముఖ్యమైన అధ్యాయం. అడవి నరకకుండా కాపు కాసేందుకు షెర్పా ఊళ్లు తమలోంచే కాపలాదారులను ఎంచుకునేవి. 1976లో సాగర్‌మాథా జాతీయ పార్కు వచ్చాక కట్టెల మీద ఆంక్షలు బిగిశాయి. 1979లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. థామే దగ్గర కడుతున్న జలవిద్యుత్ కేంద్రం పూర్తి కావస్తుండగా 1985 ఆగస్టు 4న డిగ్ ఛో హిమనీ సరస్సు తెగి కొట్టుకుపోయింది. దాని తర్వాత ఆస్ట్రియా సాయంతో మరో కేంద్రం కట్టారు. 1990ల మధ్య నుంచి నామ్చే ఇళ్లలో కరెంటు పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. కరెంటు అందని పై ఊళ్లలో స్టవ్‌లోకి యాక్ పేడ పిడకలే దిక్కు.

గది అద్దె తక్కువ, భోజనం ఖరీదు ఎక్కువ అని మనవాళ్లు ఆశ్చర్యపోతుంటారు. ఇక్కడి పద్ధతి అది. దిగిన చోటే రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం చేయాలి. ఇల్లు నడిచేది వంటింటి రాబడి మీదే. బియ్యం బస్తా, గ్యాస్ సిలిండర్ మనిషి వీపు మీదో కంచర గాడిద మీదో జోక్యో (యాక్, ఆవుల సంకరం) మీదో ఎక్కి రావాలి, అందుకే ఎత్తు పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. వేడినీళ్లకు, ఫోన్ ఛార్జింగ్‌కు వేరే డబ్బు తీసుకోవడం కూడా ఆ ఖర్చు వల్లే. పప్పు, అన్నం, కూర మళ్లీ మళ్లీ వడ్డించే దాల్‌భాత్ తెలుగు నాలుకకు తేలిగ్గా అలవాటవుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు దాని పక్కన ఆవకాయ వేసుకుంటే నాకు పుట్టింటివాళ్లు వచ్చినట్టే ఉంటుంది.

లాడ్జీ ఇక్కడ ప్రాణాలు కూడా కాపాడింది. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ ఎక్కే దారిలోని ఖుంబు ఐస్‌ఫాల్‌లో మంచుచరియలు పడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. లాడ్జీ ఉన్న తల్లి తన కొడుకును అలాంటి ప్రమాదాలున్న పర్వతం మీదికి పంపకుండా ఇంట్లోనే పని చూపించగలదు. ఆ భరోసా లేని ఇళ్ల కుర్రాళ్లు ఇప్పటికీ తాళ్లు, ఆక్సిజన్ సిలిండర్లు మోస్తూనే ఉన్నారు.

దెబ్బలు తగలకపోలేదు. 2015 భూకంపంలో రాతి గోడలు కూలాయి. 2020 వసంతంలో కొవిడ్ వల్ల సీజన్ మొత్తం పోయింది. 2024 ఆగస్టు 16న హిమనీ సరస్సుల వరద థామేలో ఇళ్లను, బడిని ముంచెత్తింది. ప్రతిసారీ జనం మళ్లీ నిలదొక్కుకునే ప్రయత్నం చేశారు. నాకు బెంగ కలిగించే మార్పు వేరే ఉంది. పిల్లలు చదువుల కోసం కాఠ్మాండుకు, అక్కడి నుంచి న్యూయార్క్‌కు వెళ్తున్నారు. పెద్దవాళ్లు వయసు మీద పడి లాడ్జీలు కౌలుకిస్తున్నారు. కింది లోయల నుంచి వచ్చి వాటిని నడిపే రాయ్, తమాంగ్ తెగల కుటుంబాలు ఒళ్లు వంచి పని చేస్తున్నాయి, వాళ్ల చేతుల్లో మర్యాద తగ్గలేదు. కానీ ఆ ఇల్లు ఎవరు కట్టారో, మొదటి అతిథి ఎప్పుడు వచ్చాడో చెప్పగలిగిన ముసలమ్మలు ఊరు వదిలితే ఆ జ్ఞాపకం వాళ్లతోనే పోతుంది.

శిఖరాలు ఎక్కినవాళ్ల గురించి పుస్తకాలు ఉన్నాయి. వాళ్లకు అన్నం వండిపెట్టిన ఇళ్ల గురించి రాసింది చాలా తక్కువ. అందుకని నేను ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్లు చెప్పింది రాసుకుంటున్నాను. ఇల్లు ఎప్పుడు కట్టారు, కలప ఎక్కడిది, మొదటి మంచం ఎవరు వేశారు, ఏ ఏడు నష్టం వచ్చింది అన్నీ అడుగుతున్నాను. ఈ దారిన వచ్చే తెలుగువాళ్లను కోరేది ఒకటే. స్టవ్ చుట్టూ కూర్చున్నప్పుడు శిఖరం ఫోటోలతో పాటు ఆ ఇంటి కథ కూడా అడగండి. యజమానురాలు తీరిక చేసుకుని చెబుతుంది. మీరు విన్నది రాసి పెడితే, ఈ ఊరి చరిత్రలో దాన్ని నిలబెట్టిన ఆడవాళ్ల పేర్లు కూడా చేరతాయి.